రెట్టలో తెల్లటి నూకలు: నట్టల మందు మోతాదు పెంచవచ్చా?

ప్రశ్న: మాది బోడుప్పల్. పెరట్లో 10 నాటుకోళ్లు పెంచుతున్నాం. రెట్టలో బియ్యపు నూకల్లాంటివి కనిపిస్తే దుకాణంలో అడిగి పైపరజైన్ తాగించాం. అయినా కోళ్లు చిక్కిపోతున్నాయి. మొన్న ఒక పెట్ట చనిపోతే పాతిపెట్టాం. మందు మోతాదు పెంచమంటారా? గుడ్లు తినవచ్చా?

జవాబు: మోతాదు మాట తరువాత, ముందు రోగం ఏమిటో తేలాలి. మీరు రాసినదాన్ని బట్టి బద్దె పురుగులని (పేగులో ఉండే టేప్‌వార్మ్‌లు) అనుమానించవచ్చు గానీ, కోళ్లను చూడకుండా నిర్ధారించలేను. రెట్టపై తెల్లటి పూత సహజంగానే ఉంటుంది. నిలవున్న రెట్టలో ఈగల పిల్లపురుగులూ చేరతాయి. అప్పుడే వేసిన రెట్టలో చదునుగా ఉండి, ముడుచుకుంటూ సాగుతూ మెల్లగా కదిలే ముక్కలైతే అవి బద్దె పురుగు ఖండాలు కావచ్చు. వాటిని కాసిని నీళ్లున్న సీసాలో వేసి పశువైద్యుడికి చూపించండి. రెట్ట పరీక్షలో పురుగు గుడ్లు కనబడలేదని నిశ్చింతగా ఉండరాదు. అవి ఖండాల లోపలే ఉంటాయి, ఖండాలు ప్రతి రెట్టలోనూ పడవు.

మీరు పాతిపెట్టిన పెట్టను పరీక్షకు తెచ్చి ఉంటే సందేహం చాలావరకు తీరేది. పేగును నిలువునా కోసి నీళ్లలో పరిస్తే, లోపలి గోడకు తల నాటుకుని ఉన్న పలుచని తెల్లటి పురుగులు తేలుతూ కనిపిస్తాయి. డవేనియా అనే రకం సుమారు 4 మిల్లీమీటర్లకు మించదు కనుక పేగు పొరను గీకి సూక్ష్మదర్శినిలో చూడవలసి ఉంటుంది. రైలిటినా అనే మరో బద్దె పురుగు జాతిలో ఒక రకం పేగు గోడలో బొడిపెలు లేపుతుంది. అవి కోళ్ల క్షయను తలపిస్తాయి కాబట్టి కాలేయాన్ని, ప్లీహాన్ని కూడా పరిశీలించాకే ఏదైనా చెప్పగలం. ఇకపై కోడి చనిపోతే ఇంట్లో కోయకండి. తొడుగులు వేసుకుని, రెండు సంచుల్లో కట్టి, ఐసు మధ్య పెట్టి అదే రోజు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకువెళ్లండి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించవద్దు. ఒకేసారి ఎక్కువ కోళ్లు చనిపోతే మాత్రం వాటిని కదిలించకుండా ముందు స్థానిక పశువైద్యాధికారికి తెలపండి.

ఇక మందు సంగతి. పైపరజైన్ ఏలికపాములకు వాడేది. బద్దె పురుగులపై అది పనిచేయదు, ఎంత పెంచినా అంతే. దుకాణదారు ఇచ్చాడని తాగించి, ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నేను తరచుగా చూసే పొరపాటు. ఈలోగా కాక్సీడియోసిస్ (సూక్ష్మ పరాన్నజీవుల వల్ల వచ్చే పేగు రోగం) వంటి వేరే రోగమే అసలు కారణమైతే అది ముదిరిపోతుంది. బద్దె పురుగులని తేలితే ప్రాజిక్వాంటెల్ వంటి మందును కోడి బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. తల భాగం పేగులో మిగిలితే పురుగు మళ్లీ పెరుగుతుంది. పైగా రకాన్ని బట్టి చీమలు, పేడపురుగులు, ఈగలు, నత్తలు వీటిని మోస్తాయి కనుక గూడు శుభ్రత కూడా చికిత్సలో భాగమే.

గుడ్లు తిన్నందువల్ల కోళ్ల బద్దె పురుగులు మనుషులకు సోకవు. మందు అవశేషాల మాట వేరు. పైపరజైన్ ఎప్పుడు తాగించారో మీరు రాయలేదు కాబట్టి, సీసా తీసుకెళ్లి వైద్యుడిని అడిగేవరకు గుడ్లు, మాంసం రెండూ వాడకండి.