సీతాకోకచిలుక రెక్కల లెక్క

ప్రశ్న: సీతాకోకచిలుక ఎగరడాన్ని కంప్యూటర్లో లెక్కగడతారట. విమానానికి చేసినట్టేనా?

జవాబు: అంత తేలిక కాదండీ. విమానం రెక్క దాదాపు బిగుసుకుని ఉంటుంది, ఇదేమో సెకనుకు పదిసార్ల దాకా కొట్టుకుంటూ, వంగుతూ, ఒళ్లంతా ఊపేస్తుంది. గాలిని చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేగం, పీడనం ఎంతో నేవియర్-స్టోక్స్ సమీకరణాలతో (ద్రవాలు, వాయువులు ఎలా కదులుతాయో చెప్పే సూత్రాలు) క్షణక్షణం లెక్కిస్తారు. రెక్క కదిలినప్పుడల్లా గళ్లు మళ్లీ గీయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది! అందుకే 1972లో చార్లెస్ పెస్కిన్ అనే గణిత శాస్త్రవేత్త గుండె కవాటాల లెక్కల కోసం రూపొందించిన పద్ధతిని వాడుతుంటారు: గళ్లను కదపకుండా, రెక్క గాలిని నెట్టే బలాన్ని మాత్రం సమీకరణంలో కలిపేస్తారు. రెక్కలు వీపు మీద చప్పట్లు కొట్టినట్టు కలిసినప్పుడు మధ్యలోని గాలి వెనక్కి చిమ్మడం, పురుగు ముందుకు దూకడం ఇలాంటి లెక్కల్లో కనబడతాయి.