మీ నాన్న పేరిట టోర్నమెంటు పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల మీ నాన్న సంవత్సరీకమని, ఆయన పేరిట వాలీబాల్ టోర్నమెంటు పెడతానని రాశావు. మొదటి బహుమతి లక్ష రూపాయలు, ఊరి పొలిమేర నుంచి ఫ్లెక్సీలు, మంత్రిగారి రాక, అన్నీ అనుకున్నావు. సభలో ఏమి మాట్లాడాలో మాత్రం తోచడం లేదన్నావు. బడిలో ముప్పై ఏళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పని చేసినవాణ్ని, మీ నాన్నతో ఒకే కోర్టులో నలభై ఏళ్లు తిరిగినవాణ్ని. ఆ చనువుతో నాలుగు మాటలు చెబుతాను.

మాట్లాడే సంగతే ముందు. డబ్బు పెట్టినా దొరకనిది అదొక్కటే.

‘ఆయన లేని లోటు తీర్చలేనిది’ అనే వాక్యం నీ నోట రానీయకు. అది ఎవరి సంతాప సభలోనైనా వినిపించే మాట. అందులో మీ నాన్న లేడు. మీ నాన్న బియ్యప్పిండిలో ఉన్నాడు. నీకు గుర్తుందో లేదో, చుట్టుపక్కల ఊళ్లన్నిటా కోర్టు గీతలకు సున్నమే వేసేవారు. ఒక సాయంత్రం గాలికి పొడి లేచి ఒక పిల్లవాడి కంట్లో పడింది. మర్నాడు మీ నాన్న మీ అమ్మ ముగ్గు డబ్బా పట్టుకుని మైదానానికి వచ్చాడు. పురికొస లాగి కట్టి, 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, మోకాళ్ల మీద జరుగుతూ చిటికెలతో పిండి వదిలాడు. తెల్లారేసరికి చీమలు పట్టేవి, పిచ్చుకలు వాలి గీతను తినేసేవి. మళ్లీ వేసేవాడు. ఆ తర్వాత ఒక్కనాడు కూడా సున్నం జోలికి పోలేదు. ఈ ఒక్క సంగతి నిదానంగా చెప్పి కూర్చో. చాలు.

ఇంకొకటి కావాలంటే మైదానానికి వెళ్లి నెట్టు స్తంభాన్ని చేత్తో తడిమి చూడు. మగవారి నెట్టు ఎత్తు 2.43 మీటర్లు. పదేళ్ల పిల్లవాడు దాని కింద నిలబడి పైకి చూస్తే ఆట మీద భయం పుడుతుంది. అందుకని మీ నాన్న ఆ స్తంభానికి వరసగా మేకులు కొట్టించాడు. కొత్త పిల్లలకు అన్నిటికన్నా కింది మేకుకు నెట్టు కట్టేవాడు. చెయ్యి అలవాటు పడ్డాక ఒక మేకు పైకి జరిపేవాడు. ఆ మేకులు తుప్పు పట్టాయి గాని ఒక్కటీ ఊడలేదు.

నీ మనసులో ఒక ముల్లు ఉందని నాకు తెలుసు. పదో తరగతి పరీక్షల ముందు రోజు నాన్న ఇంట్లో లేడు, పిల్లలను జిల్లా పోటీలకు తీసుకువెళ్లాడు. ఊళ్లో పిల్లలందరికీ నాన్న అయ్యాడు, నాకు తప్ప అని నువ్వు ఒకసారి నాతోనే అన్నావు. ఆ బాధను దాచిపెట్టి పొగడ్తలు చదివితే గొంతు పట్టేస్తుంది. వేదిక మీద అది కూడా చెప్పు, తప్పు లేదు. అయితే నీకు తెలియనిది ఒకటుంది. ఆ రాత్రి మ్యాచ్ అవగానే పిల్లలను నాకప్పగించి, చివరి బస్సు అందక లారీ ఎక్కి ఇంటికి వచ్చాడు. నువ్వు నిద్రలో ఉన్నావు. నీ పెన్నులో సిరా నింపి, హాల్ టికెట్ చొక్కా జేబులో పెట్టి, కాసేపు నీ మంచం పక్కన కూర్చుని తొలి బస్సుకు తిరిగి వచ్చేశాడు. నిద్ర లేపితే పరీక్ష పాడవుతుందని మీ అమ్మతో అన్నాడట. అమ్మను అడుగు, చెబుతుంది.

మన హైదరాబాద్ రహీమ్ గారి పేరు వినే ఉంటావు. బడిలో పాఠాలు చెప్పిన మనిషి, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చిన శిక్షకుడు. 1962 పోటీలకు జట్టుతో జకార్తా వెళ్లేనాటికే ఆయన్ని క్యాన్సర్ లోలోపల తినేస్తోంది, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఇప్పటికీ ఆయన పేరు వస్తే వెంటనే పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరామ్ పేర్లు వస్తాయి. శిక్షకుడి జ్ఞాపకం శిష్యుల దగ్గర ఉంటుంది. రహీమ్ గారి కొడుకు హకీమ్ తానూ ఆటగాడై, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండి, తండ్రి దారిలోనే నడిచారు. నీ దారి వేరైంది, అందులో లోపమేమీ లేదు. కాకపోతే మైదానంలో మీ నాన్న ఎలా ఉండేవాడో నువ్వు అడిగి తెలుసుకోవాలి.

ఈ నెల రోజుల్లో ఆయన శిష్యులను కనీసం పది మందిని కలుసుకో. పోలీసు శాఖలో పైకి వచ్చినవాళ్ల దగ్గరకు తర్వాత వెళ్లవచ్చు, ముందు ఊళ్లో ఆటో నడుపుకుంటున్నవాడి దగ్గర కూర్చో. ‘నాన్న ఎలాంటివారు’ అని అడగకు. ‘దేవుడండీ’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ‘ఆయన నిన్ను తిట్టిన రోజు చెప్పు’ అని అడుగు. ఫోనులో రికార్డు చేసుకుని, ఇంటికి వచ్చాక పేరు, ఏడాది వేసి కాగితం మీద రాసిపెట్టు.

టోర్నమెంటు విషయానికి వస్తే, లక్ష రూపాయల బహుమతి వద్దు నాయనా. అంత డబ్బు పెడితే బయటి నుంచి ఆటగాళ్లను మాట్లాడుకుని వచ్చి ఆడతారు, మన పిల్లలు గట్టు మీద కూర్చుని చూస్తారు. మీ నాన్న బతికుండగా ఎవరినీ గట్టు మీద కూర్చోనివ్వలేదు. పదహారేళ్ల లోపు పిల్లలకు పెట్టు, ఆడపిల్లల జట్లు తప్పకుండా ఉండాలి. గెలిచినవాళ్లకు బూట్లు, ప్రతి జట్టుకూ ఒక బంతి ఇవ్వు. మిగిలిన డబ్బుతో ఏటేటా మైదానానికి బంతులు, నెట్టు కొను. చివర్లో పాత ఆటగాళ్లతో ఒక మ్యాచ్ ఆడించు. మా కాలపు పద్ధతిలో, 15 పాయింట్లకు, సర్వీసు చేసిన జట్టుకే పాయింటు. మేము త్వరగా అలసిపోతాం, అయినా ఆడతాం.

ఉపన్యాసాలు అరగంట దాటనీయకు. రెండేళ్ల క్రితం ఒక ఊళ్లో ఇలాంటి సభకే వెళ్లాను. సన్మానాలు, శాలువాలు అయ్యేసరికి పొద్దు గుంకింది. ఆడపిల్లల ఫైనల్ ఆపేశారు. బూట్లు కట్టుకుని సిద్ధంగా కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరే విప్పుకుంటుంటే చూడలేకపోయాను.

మీ అమ్మను మరిచిపోకు. ఉదయం ఆట అయ్యాక పిల్లలందరికీ రాగి జావ కాచి పంపింది ఆవిడే. ఆ రోజు కూడా జావే పెట్టించు, బిర్యానీ వద్దు.

పది రోజుల ముందే రా. కోర్టు మనమిద్దరమే వేద్దాం. నా మోకాళ్లు వంగవు, కాబట్టి నేను పురికొస పట్టుకుంటాను, పిండి నువ్వు వదులు. బియ్యం నానబోసి దంచి ఉంచుతానని మీ అమ్మ నిన్ననే చెప్పింది.

ఆశీస్సులతో,
మీ పెద్దమాస్టారు