సారా ప్యాకెట్లు సర్కారే అమ్మిందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఒకప్పుడు సారా ప్యాకెట్లు గవర్నమెంటే అమ్మించేదని మా అవ్వ అంటుంది, నిజమేనా? మరి ఇంట్లో కాస్తే కేసెందుకు పెట్టేవాళ్లు?

జవాబు: మీ అవ్వ చెప్పింది నిజమే. రెండో ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది, డబ్బు.

నాటుసారా కాయడం పెద్ద విద్యేం కాదు. నల్లబెల్లం నీళ్లలో కలిపి తుమ్మచెక్క వేసి కుండలో కొన్నాళ్లు వదిలేస్తే ఊట బుసబుసా పొంగుతుంది, అది పులిశాక పొయ్యి మీద పెట్టి, లేచిన ఆవిరిని పైన చన్నీళ్ల గిన్నె పెట్టి చల్లారిస్తే చుక్కచుక్కగా దిగేదే సారా. అడవి ఊళ్లల్లో బెల్లానికి బదులు ఎండబెట్టిన ఇప్పపువ్వు. (కల్లు వేరే సంగతి, అది పులుస్తుంది అంతే, కాచేది ఉండదు.)

ఇంత తేలిగ్గా ఎవరింట్లో వాళ్లు కాచుకుంటే సర్కారుకి పైసా రాదు కదా, అందుకే బ్రిటిష్ వాళ్లు 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం తెచ్చి లైసెన్సు లేకుండా కాస్తే నేరం అన్నారు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, తర్వాత అదీ పోయింది, మళ్లీ సారా దుకాణాల వేలంపాటలు మొదలు. పాట పాడిన కాంట్రాక్టరు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి తాగేవాడు ఎంత తాగితే అంత లాభం. ఇక 1980ల్లో సర్కారే వారుణివాహిని అని పేరు పెట్టి మరీ ప్యాకెట్లు ఊళ్లల్లోకి దింపారు, నీళ్ల ట్యాంకరు రాని ఊరికి కూడా సారా టైముకి వచ్చేదని ఆడవాళ్లు తిట్టుకునేవాళ్లంటే ఊరికే కాదు!

అందుకే 1992లో మీ జిల్లా దూబగుంటలో అక్షరాస్యత క్లాసులకెళ్లే ఆడవాళ్లు తాగొచ్చిన మొగుళ్లతో ఊరికే గొడవపడి ఊరుకోలేదు, దుకాణం మూయించారు, తర్వాత జిల్లాలో వేలంపాటలే జరగనివ్వలేదు. నాకైతే ఆ ఉద్యమంలో అసలు తెలివి అక్కడే కనపడుతుంది, ఎందుకంటే వాళ్లు పట్టుకున్నది సర్కారు జేబునే. 1993 ఏప్రిల్లో నెల్లూరులో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో అది ఎత్తేశారు గానీ సారాకి మాత్రం మళ్లీ తలుపు తీయలేదు. ఇప్పుడు మీ ఊళ్లో బ్రాండీ షాపు ఉండి సారా దుకాణం లేకపోవడానికి కారణం అదే.