టెక్ సందేహాలు: రూపాయి గుర్తు బదులు డబ్బా వస్తోందా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది పలాస. జీడిపప్పు అమ్మడానికి మా మేనల్లుడు చిన్న వెబ్‌సైట్ చేసిచ్చాడు. రేటు ముందర ₹ పెడితే నా ఫోన్లో బాగానే ఉంటోంది గానీ ఒక కస్టమర్‌కి ఖాళీ డబ్బా కనిపిస్తోందట, ఇంకో పేజీలోనైతే ఏవో పిచ్చి అక్షరాలు. ఏటి చెయ్యాలి?

జవాబు: ఆ డబ్బాకీ పిచ్చి అక్షరాలకీ సంబంధం లేదండి, రెండూ వేరే సమస్యలు. చాలామంది రెంటికీ ఫాంట్ మార్చి చూస్తారు, అక్కడే టైమంతా పోతుంది.

డబ్బా వచ్చిందంటే మీ పేజీ కరెక్టే, అవతలోళ్ల మెషీన్లో ఆ గుర్తున్న ఫాంట్ లేదు. ₹ గుర్తుని గవర్నమెంట్ ఓకే చేసిందే 2010 జులైలో, అదే ఏడాది అక్టోబర్లో యూనికోడ్ (ప్రపంచంలోని అక్షరాలకీ గుర్తులకీ తలా ఒక నంబరిచ్చే పట్టిక) 6.0లోకి ఎక్కింది, అంతకుముందు తయారైన ఫాంట్లకి అదెలా తెలుస్తుంది? పేజీతో పాటే ఒక వెబ్ ఫాంట్ లోడయ్యేలా పెట్టించండి. లేదంటే శుభ్రంగా 'రూ.' అని రాసెయ్యండి, జీడిపప్పు కొనేవాడు దానికేం వెనక్కి పోడు.

ఇక పిచ్చి అక్షరాలు. టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ ఏ, పక్కనే కామా లాంటిది, ఆ తర్వాత పైకెక్కిన చిన్న 1 అంకె, ఇవే కదా కనిపిస్తున్నాయి? యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాల్ని కంప్యూటర్ బైట్లుగా దాచుకునే పద్ధతిలో, ₹కి 3 బైట్లు పడతాయి, బ్రౌజర్ ఆ పేజీని పాత పద్ధతి ఎన్‌కోడింగ్ అనుకుని ఒక్కో బైట్‌ని ఒక్కో అక్షరంగా చదివేస్తోంది, అందుకే కరెక్టుగా మూడొస్తున్నాయి. పేజీ కోడ్‌లో పైనే, మొదటి 1024 బైట్ల లోపు, చార్‌సెట్ (అంటే ఎన్‌కోడింగ్) యూటీఎఫ్-8 అని చెప్పే లైన్ ఉండాలి, మేనల్లుడిని అది చూడమనండి. ఫైల్ కూడా యూటీఎఫ్-8లోనే సేవ్ చెయ్యాలి. అప్పటిదాకా కోడ్‌లో ₹ బదులు ₹ అని కొడితే ఎన్‌కోడింగ్ ఎలాగున్నా గుర్తొచ్చేస్తుంది, అరకేజీకి ½ కావాలంటే ½, పావుకి ¼. చివర సెమికోలన్ మర్చిపోవద్దు. ఇవి డబ్బా సమస్యకి మాత్రం పనిచెయ్యవు, ఫాంట్‌లో లేనిది ఏ కోడ్ కొట్టినా రాదు.

అన్నిటికంటే చెడ్డది ప్రశ్నార్థకం రావడం. సేవ్ చేసినప్పుడే, లేదా డేటాబేస్‌లోకి వెళ్లినప్పుడే అసలు గుర్తు పోయి దాని చోట నిజంగానే ? కూర్చుందన్నమాట, అది తిరిగి రాదు, సెట్టింగ్ సరిచేసుకుని మళ్లీ టైప్ చేసుకోవడమే.

గుర్తులు వెతకడానికి విండోస్ 10, 11లో విండోస్ బటన్ పట్టుకుని చుక్క నొక్కండి, ఎమోజీల పక్కనే సింబల్స్ ఉంటాయి. ఇంగ్లిష్ ఇండియా కీబోర్డ్ పెట్టుకుంటే కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 కొడితే ₹ పడుతుంది.

ప్రశ్న: చీపురుపల్లి నుంచి టీచర్‌నండి. పాత ధాన్యం లెక్కల్లో తూముకి ఒక గుర్తుండేది, అది వెబ్ పేజీలో పెట్టొచ్చా? పేరు తెలీని గుర్తులు ఎలాగ వెతకాలి?

జవాబు: పెట్టొచ్చు మాస్టారూ, భేషుగ్గా. తూము గుర్తు యూనికోడ్‌లోకి 2008లోనే వచ్చింది, ₹ కంటే రెండేళ్లు ముందు! తెలుగుకిచ్చిన వరసలో ఆఖరిది అదే, ౿, కోడ్ ౿. పేరు తెలీకపోతే గూగుల్ డాక్స్‌లో ఇన్సర్ట్ మెనూ, స్పెషల్ కేరెక్టర్స్‌లోకి వెళ్లండి, అక్కడున్న గడిలో మౌస్‌తో గీస్తే అలాంటివన్నీ చూపిస్తుంది, మరీ వంకరగా గీసినా పర్లేదు. తూము చాలా ఫాంట్లలో ఉండదు కాబట్టి నోటో సాన్స్ తెలుగు లాంటిది పేజీకి జత చెయ్యండి. గుర్తు పక్కనే తూము అని అక్షరాల్లో కూడా రాయండి, పిల్లల ఫోన్లో గుర్తొచ్చినా అదేంటో వాళ్లకి తెలియొద్దూ.