లాగ్‌లో కనబడనంత మాత్రాన ఇన్‌స్టాల్ కాలేదని రాయకు

అమ్మలూ,

సర్వర్‌లోకి ఆ ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ మూట) ఎప్పుడొచ్చిందో, ఎవరు పెట్టారో తేల్చే పని నీ చేతికొచ్చిందని తెలిసింది. గర్వంగా ఉంది, కంగారుగానూ ఉంది. నువ్వు రాసే నాలుగు వాక్యాల రిపోర్టు మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడొచ్చు.

ముందు కాపీ తీసుకో, చదవడం తర్వాత. డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో ప్యాకేజీల రాకపోకలు రాసి ఉండే లాగ్‌లు మామూలుగా నెలకోసారి రొటేట్ అవుతాయి, అంటే పాత ఫైలు పక్కకెళ్లి కొత్తది మొదలవుతుంది. పాతవి 12 ఉంచి, అంతకు ముందువి చెరిపేస్తాయి. రేపు చూద్దాంలే అని పడుకున్న రాత్రే నీకు కావలసిన నెల పోవచ్చు. వార్ (var) అనే ఫోల్డర్ కింద ఉన్న లాగ్ ఫోల్డర్ మొత్తాన్నీ టార్ కమాండ్‌తో ఒకే ఫైలుగా కట్టి వేరే మెషీన్‌లో పెట్టు. ఈ ఒక్క పని ఇవాళే చెయ్యి తల్లీ.

చూడాల్సిన ఫైళ్లు మూడు. ప్యాకేజీని సర్వర్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్ డీపీకేజీ; అది రాసే డీపీకేజీ డాట్ లాగ్‌లో ఒక్కో ప్యాకేజీకి జరిగిన ప్రతి అడుగూ టైముతో సహా ఉంటుంది. ప్యాకేజీని నెట్ నుంచి తెచ్చి డీపీకేజీకి అందించే ప్రోగ్రామ్ ఆప్ట్; దాని ఫోల్డర్‌లోని హిస్టరీ డాట్ లాగ్‌లో ఏ కమాండ్ నడిచిందో ఉంటుంది. పక్కనే ఉన్న టర్మ్ డాట్ లాగ్‌లో ఆ వేళ టెర్మినల్ మీద పడిన మాటలుంటాయి. దీన్ని చదవడానికి రూట్ (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్) గానీ, ఏడీఎం గ్రూపులో చోటు గానీ కావాలి.

ఇక అసలు భయం. ఈ పనిలో తరతరాలుగా జరుగుతున్న తప్పు ఒకటుంది: హిస్టరీ లాగ్‌లో గ్రెప్ (ఫైల్లో మాటను వెతికే కమాండ్) కొట్టడం, పేరు దొరక్కపోతే "ఇది ఎవరూ ఇన్‌స్టాల్ చెయ్యలేదు" అని రాసెయ్యడం. దొరకకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. పాత నెలల ఫైళ్లు జీజిప్ అనే కుదింపులో ముడుచుకుని ఉంటాయి, వాటి లోపలికి మామూలు గ్రెప్ చూడలేదు. జెడ్‌గ్రెప్ వాడి, ఫైలు పేరు చివర స్టార్ పెట్టు. అది ముడిచినవీ చదువుతుంది, ముడవనివీ చదువుతుంది. ఎవరైనా డెబ్ ఫైలు (ప్యాకేజీ ఉండే ఫైలు) తెచ్చుకుని నేరుగా డీపీకేజీతో ఎక్కించి ఉంటే ఆప్ట్‌కి ఆ సంగతే తెలియదు. హిస్టరీలో ఏమీ ఉండదు, డీపీకేజీ లాగ్‌లో మాత్రమే ఉంటుంది. పిప్, ఎన్‌పీఎం, స్నాప్ లాంటి వేరే ఇన్‌స్టాలర్లతో వచ్చినవి, సోర్స్ నుంచి కట్టుకున్నవి ఈ రెండింటిలోనూ ఉండవు. ఏడాది దాటినవాటికి లాగే మిగలదు. అందుకని "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఉన్న ఈ లాగ్‌లలో కనబడలేదు" అని రాయి. ఆ మొదటి తేదీ నీ దగ్గరున్న అతి పాత ఫైలు మొదటి లైనులో ఉంటుంది.

ఇదే తప్పు తిరగబడి కూడా వస్తుంది. డీపీకేజీ లాగ్‌లో ఇన్‌స్టాల్ అనే మాట వెతికితే హాఫ్ ఇన్‌స్టాల్డ్, ఇన్‌స్టాల్డ్ అనే స్టేటస్ లైన్లన్నీ వచ్చి మీద పడతాయి. అప్‌గ్రేడ్ జరిగినా ఆ లైన్లు పడతాయి. వాటిని చూసి "ఆ రోజే కొత్తగా పెట్టారు" అనుకోకు. మాటకి రెండు వైపులా ఖాళీ పెట్టి వెతుకు. మొదటిసారి వచ్చిన ప్యాకేజీకి పాత వెర్షన్ ఉండాల్సిన చోట నన్ (none) అని ఉంటుంది, అప్‌గ్రేడ్‌కి పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి.

మనిషి పేరు దగ్గర మరీ జాగ్రత్త. హిస్టరీ లాగ్‌లో రిక్వెస్టెడ్ బై అనే లైను సుడోతో, అంటే సొంత అకౌంట్‌లోంచే రూట్ అధికారం తీసుకుని చేసినప్పుడు పడుతుంది. నేరుగా రూట్‌గా లాగిన్ అయి చేస్తే ఆ లైనే ఉండదు. ఉన్నా అది అకౌంట్ పేరే. నలుగురు వాడే అకౌంట్ అయితే ఎవరి చెయ్యో అది చెప్పదు. కమాండ్ లైన్‌లో అనటెండెడ్ అప్‌గ్రేడ్ అని ఉంటే సిస్టమ్ తనంతట తాను చేసుకుంది. వెర్షన్ పక్కన ఆటోమేటిక్ అని ఉంటే ఆ ప్యాకేజీని ఎవరూ అడగలేదు, ఇంకోదాని వెంట వచ్చింది. టైమును ఆథ్ లాగ్ (లాగిన్‌లు, సుడో వాడకం రాసి ఉండేది) లోని సుడో లైన్లతో పోల్చు. డీపీకేజీ లాగ్‌లో టైమ్‌జోన్ రాసి ఉండదు, సర్వర్ ఏ జోన్‌లో నడుస్తోందో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో చూసి ఉంచుకో. రూట్ చేతిలో ఉన్నవాళ్లు లాగ్‌ని దిద్దగలరని కూడా మరిచిపోకు.

రెడ్‌హ్యాట్ కుటుంబం లినక్స్‌లలో, పాత ఇన్‌స్టాలర్ యమ్ రోజుల్లో యమ్ డాట్ లాగ్ తెరిస్తే చాలావరకు తెలిసిపోయేది. ఇప్పుడు డీఎన్ఎఫ్ హిస్టరీ అని కొట్టు, అందులో నీకు కావలసిన లైను నంబరుకి ఇన్ఫో అడుగు. ఆర్పీఎమ్ కమాండ్‌కి లాస్ట్ తగిలిస్తే చూపించే తేదీ ఇప్పుడున్న వెర్షన్‌దే, మొదటిసారి పెట్టినది కాదు. ఆర్చ్ లినక్స్‌లో ప్యాక్‌మ్యాన్ డాట్ లాగ్ చాలు.

పని అయ్యాక, లాగ్‌లను రొటేట్ చేసే లాగ్‌రొటేట్ సెట్టింగుల్లో 12ని 36 చెయ్యి. డీపీకేజీకి ఒక ఫైలు, ఆప్ట్‌కి ఇంకోటి. ఒకటి మార్చి రెండోది వదిలెయ్యకు.

రిపోర్టు పంపే ముందు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. మొత్తం అక్కర్లేదు, మనిషి పేరున్న వాక్యం ఒక్కటి చదివి వినిపించు.

మామయ్య