చూపు తక్కువున్న తమ్ముడు వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాడు. పరీక్షకు స్క్రైబ్ (చెప్పింది రాసిపెట్టే మనిషి), అదనపు టైం ఎట్లా దొరుకుతాయి?

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువివ్వాలి. మూడు గంటల పేపర్‌కు నాలుగు గంటలన్నట్టు. స్క్రైబ్‌ను పెట్టుకోకపోయినా ఈ గంట మీ తమ్ముడిదే, వదులుకోనివ్వకండి.

పరీక్ష ఫీజు కట్టేటప్పుడే సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) జిరాక్స్ జతచేసి, ప్రిన్సిపాల్ ద్వారా పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టండి. ఒక కాపీ మీద ‘ముట్టింది’ అని తేదీతో ముద్ర వేయించుకోండి. హాల్‌టికెట్ వచ్చాక అడిగితే చివరి నిమిషంలో ఉరుకులాటే.

ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడ: పూర్తి అంధత్వం కాక చూపు తక్కువ అయితే, స్క్రైబ్ అవసరమని ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంట్ స్థాయి డాక్టర్ సంతకంతో విడిగా పత్రం కావాలి. సదరం ఒక్కటే సరిపోదు. స్క్రైబ్‌ను మీరే తెచ్చుకుంటే ఆ మనిషి చదువు మీ తమ్ముడి కంటే ఒక మెట్టు తక్కువుండాలని 2018 కేంద్ర మార్గదర్శకాల్లో ఉండేది, డిగ్రీకి ఇంటర్ చదివినవాళ్లు; ఇప్పటి రూలేందో పరీక్షల విభాగంలో అడగండి.