మొదటి లేత్ కొనబోయే ముందు

అమ్మాయ్,

ఉత్తరం అందింది. చెక్కను తిప్పుతూ ఉలితో మలిచే మిషన్, అదే లేత్, కొంటానని నువ్వు పంపిన మూడింటి ఫొటోలూ పెద్దవి చేసుకుని మరీ చూశాను. నీకు బాగా నచ్చిందన్న ఆ పొడవాటిది మాత్రం వద్దు.

దాని బెడ్ (మిగతా భాగాలన్నిటినీ మోసే అడుగు భాగం) చూడు, రెండు ఇనుప గొట్టాలు. మీటరు పొడుగు కర్ర పడుతుందని గొప్పగా రాశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంత పొడుగు కర్రతో పనే ఉండదు. పెట్టినా, సన్నబడే కొద్దీ నడుము దగ్గర ఊగుతూ ఉలి కింద దడదడలాడుతుంది. కాస్త ఒత్తిడి పడితే చాలు, గొట్టాల మీద కూర్చుని కర్ర రెండో చివరను ఆపే టెయిల్‌స్టాక్ పక్కకు ఒరుగుతుంది. లేత్‌కు అన్నిటికంటే ముందు కావలసింది కదలకుండా ఉండడం. చెక్క తిరిగేటప్పుడు పుట్టే అదురును తనలో ఇముడ్చుకునేది బరువే. అందుకే పొట్టిదైనా పోత ఇనుము బెడ్ ఉన్న రెండోదే తీసుకో. ఈ సైజువి 40 కిలోల వరకూ తూగుతాయి. ఎత్తడం కష్టమని భయపడకు, ఒకసారి బల్లకు బిగించాక మళ్లీ ఎత్తే పనుండదు.

మూడోది, డ్రిల్ మిషన్‌కు తగిలించుకునేది, లెక్కలోకే తీసుకోకు. డ్రిల్లు బేరింగులు పక్క నుంచి గంటల తరబడి పడే ఒత్తిడికి చేసినవి కావు.

ఇక ఆ రెండోదాని అంకెల సంగతి. 10 x 18 అంటే బెడ్ మీద 10 అంగుళాల వ్యాసం తిరుగుతుంది, రెండు సెంటర్ల మధ్య, అంటే కర్రను రెండు చివరలా పట్టే మొనల మధ్య, 18 అంగుళాల కర్ర పడుతుంది. ముక్కను దవడలతో పట్టే చక్ బిగిస్తే ఆ పొడవులో కొంత అది తినేస్తుంది. ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌ను మోసే బాంజో మీదుగా తిప్పాల్సి వస్తే వ్యాసమూ తగ్గుతుంది. అయినా ఉలి పిడులు, బొంగరాలు, పెన్నులు, చిన్న గిన్నెలు, మూతల డబ్బాలు చేసుకోవడానికి ఈ సైజు హాయిగా సరిపోతుంది. మోటారు అర హార్స్‌పవర్‌కు తగ్గకుండా చూడు, ముప్పావు ఉంటే మరీ మంచిది.

అందరూ ఎక్కువ వేగం ఎంత అని అడుగుతారు. నువ్వు తక్కువ వేగం ఎంత అని అడుగు. ఇంకా గుండ్రం కాని చెక్కముక్కను బిగించినప్పుడు ఒక పక్క బరువు ఎక్కువ ఉంటుంది. అది వేగంగా తిరిగితే లేత్ మొత్తం ఊగుతుంది, పట్టు వదిలితే ముక్క ఎగిరి మీదికొస్తుంది. కనీస వేగం నిమిషానికి 500 చుట్లు, ఇంకా తక్కువైతే మరీ మేలు. పాతవాళ్లు వాడే లెక్క ఒకటుంది: వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వేగంతో గుణిస్తే 6000కూ 9000కూ మధ్య రావాలి. అంటే 8 అంగుళాల గిన్నెకు సుమారు 750 నుంచి 1100. అదీ ముక్క గుండ్రమై, ఊగడం ఆగాకే. అప్పటిదాకా ఇంకా నెమ్మదిగానే తిప్పాలి.

నాబ్ తిప్పితే వేగం మారే లేత్ మంచిదే. కానీ నాబ్ ఉంది కదా అని బెల్టును మర్చిపోకు. ఎక్కువ వేగం పుల్లీ మీద బెల్టు ఉంచి, నాబ్‌తో వేగం తగ్గించావనుకో, మోటారు బలం కూడా తగ్గిపోతుంది. గౌజ్ (గాడి ఉన్న ఉలి) ఆనించగానే చెక్క ఆగిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. అదే బెల్టును తక్కువ వేగం పుల్లీకి మారిస్తే అదే మోటారు చక్కగా లాగుతుంది. అందుకని షాపులో బెల్టు మూత నువ్వే తెరిచి, బెల్టు నువ్వే మార్చి చూడు. వేళ్లు పట్టనంత ఇరుకుగా ఉంటే రేపు బద్ధకించి మార్చకుండానే పని చేస్తావు.

చెక్కను తిప్పే ఇరుసు ఉంటుంది కదా, స్పిండిల్, దాని మరలు కూడా కనుక్కో. 1 అంగుళం మందం, అంగుళానికి 8 మరలు ఉన్నదైతే చక్‌లు, చెక్కను స్క్రూలతో బిగించే ఫేస్‌ప్లేట్లు సులువుగా దొరుకుతాయి. ఎక్కడా కనబడని కొలత అయితే ప్రతి సామానుకూ అడాప్టర్ కోసం వెతుక్కోవాలి. దాని లోపల సెంటర్ దూరే ఏటవాలు రంధ్రం, టేపర్ అంటారు, రెండో నంబరు మోర్స్ కొలతది అయి ఉండాలి.

నేరుగా వెళ్లి చూసేటప్పుడు ఒక్క పరీక్ష తప్పకుండా చెయ్యి. మోటారు వైపు ఉండే హెడ్‌స్టాక్‌లో చెక్కను తిప్పే డ్రైవ్ సెంటర్, టెయిల్‌స్టాక్‌లో చెక్కతో పాటు తిరిగే లైవ్ సెంటర్ పెట్టించు. టెయిల్‌స్టాక్‌ను ముందుకు జరిపి బిగించి, క్విల్ (టెయిల్‌స్టాక్ మొనను ముందుకు తోసే గొట్టం) చక్రం తిప్పుతూ రెండు మొనలనూ దాదాపు ముట్టుకునేదాకా తీసుకురా. వెనక తెల్ల కాగితం పట్టుకుని ముందు నుంచి చూడు, తర్వాత పైనుంచి చూడు. మొనకు మొన ఎదురుగా ఉండాలి. క్విల్ బిగించే పిడి తిప్పినప్పుడు మొన పక్కకు జరుగుతుందేమో కూడా గమనించు. వెంట్రుకవాసి తేడా సర్దుకోవచ్చు, కంటికి కొట్టొచ్చినట్టు కనబడితే వదిలేయ్. తర్వాత కరెంటు తీసేసి స్పిండిల్‌ను చేత్తో తిప్పు. గరగరమంటే, అటూ ఇటూ లాగితే ఆడుతుంటే బేరింగులు పోయినట్టే. సెకండ్ హ్యాండ్‌ది చూస్తున్నా ఇదే పరీక్ష. వాడినదని చిన్నచూపు చూడకు. బేరింగులు, బెల్టు మార్చుకోవచ్చు, వంకర పోయిన బెడ్‌ను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

స్విచ్ ఎక్కడుందో చూడు. తిరుగుతున్న ముక్కకు ఎదురుగా చెయ్యి చాచకుండా ఆపగలగాలి.

డబ్బు గురించి అడిగావు. ఉన్నదంతా లేత్ మీదే పెట్టేయకు, సగం పక్కన ఉంచు. గౌజ్‌లు పదును పోగానే చెక్కను కోయవు, గీరుతాయి. చెక్కపొట్టు పొడవాటి చుట్టలుగా రాకుండా దుమ్ములా రాలుతోందంటే ముందు పదును అనుమానించు. గ్రైండరు, గౌజ్‌ను ఒకే కోణంలో పట్టుకునే జిగ్ మొదటి రోజు నుంచే కావాలి. ఉలులు హైస్పీడ్ స్టీల్‌వి నాలుగైదు చాలు, పెద్ద సెట్టు కొనకు. పొడుగు కర్రను గుండ్రం చేసే రఫింగ్ గౌజ్‌ను గిన్నె మీద ఎప్పుడూ పెట్టకు. పిడిలోకి దిగే దాని తోక సన్నగా ఉంటుంది, విరుగుతుంది. గిన్నెలకు బౌల్ గౌజ్ వేరే. చక్ తర్వాత కొనుక్కోవచ్చు, మొదటి నెలలు సెంటర్ల మధ్య పని నేర్చుకో, చెయ్యి కుదురుతుంది. ముఖం మొత్తం కప్పే షీల్డు మాత్రం లేత్‌తో పాటే రావాలి, మాస్కు కూడా. జుట్టు ముడి వేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు, చేతులకు గ్లౌజులు వద్దు. ఈ విషయంలో నా మాట కాదనకు తల్లీ.

బల్ల ఎత్తు మీ ఇంట్లో ఉన్నదాన్ని బట్టి కాదు, నిన్ను బట్టి ఉండాలి. నిలబడి మోచెయ్యి మడిస్తే స్పిండిల్ ఆ ఎత్తుకు రావాలి. కింది అరలో ఇసుక మూటలు పెడితే బల్ల ఇంకా నిలకడగా ఉంటుంది.

డబ్బు కట్టే ముందు ఆ రెండో లేత్ స్పిండిల్ మరలు, టేపర్ నంబరు, కనీస వేగం, ఈ మూడూ కనుక్కుని నాకు రాయి. చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న